కోడి కుంటకముందే: బ్రాయిలర్ షెడ్డులో కాళ్లు కాపాడుకోవడం ఎలా

షెడ్డులోకి వెళ్లండి. చేతిలో ఫీడ్ బకెట్ వద్దు, ఫోను వద్దు. తలుపు దగ్గర నిలబడి ఓసారి చూసి వచ్చేయకుండా, ఊక మీదే పాత గోనె సంచి పరుచుకుని పది నిమిషాలు కూర్చోండి. మొదట కోళ్లు పక్కకి తప్పుకుంటాయి. కాసేపటికి మిమ్మల్ని మర్చిపోయి వాటి పని అవి చూసుకుంటాయి. లేవబోయి మళ్లీ కూలబడేది ఏదో, రెక్కలు నేలకి ఆన్చుకుని నడిచేది ఏదో, నాలుగు అడుగులేసి ఆగిపోయేది ఏదో అప్పుడు తెలుస్తుంది. నిలబడి చూస్తే కోడి వీపు కనపడుతుంది, కూర్చుంటే కాళ్లు కనపడతాయి.

విశాఖ జిల్లాలో ఆనందపురం దాటి పద్మనాభం వెళ్లే దారిలో నాకో షెడ్డు ఉంది. ఐదు వేల కోడిపిల్లలు పడతాయి. మొదటి రెండేళ్లూ కాళ్ల సంగతి నాకు ముప్పయ్యో రోజు దాటాకే గుర్తొచ్చేది. అప్పటికి చేయడానికి ఏమీ మిగలదు. కుంటు కనపడేది ఐదో వారంలో, అది మొదలయ్యేది మాత్రం ఎక్కువసార్లు మొదటి పదిహేను రోజుల్లోనే. ఈ ముక్క అర్థమవడానికి నాకు ఎనిమిది బ్యాచ్‌లు పట్టింది. మీకు అన్ని పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

కారణం కొత్తదేమీ కాదు. కెనడాలో అల్బెర్టా యూనివర్సిటీ వాళ్లు 1957 నాటి రకాన్నీ, 1978 నాటి రకాన్నీ, 2005 నాటి బ్రాయిలర్‌నీ ఒకే మేత మీద పెంచి చూశారు. 56 రోజులకి 1957 రకం 905 గ్రాములు తూగింది. 2005 రకం 4,202 గ్రాములు తూగింది. కండ ఆ వేగంతో పెరుగుతుంటే దాన్ని మోయాల్సిన ఎముకకి గట్టిపడే తీరిక దొరకడం లేదు. పునాది ఆరకముందే మూడో అంతస్తుకి స్లాబు పోసినట్టు. అందుకే మన పనంతా రెండే: మొదట్లో ఎముకకి కాస్త తీరిక ఇవ్వడం, తర్వాత ఆ కాలి కింద నేల పొడిగా ఉంచడం.

ముందు నడక చూడటం నేర్చుకోండి

బ్రిటన్‌లోని బ్రిస్టల్ పరిశోధకులు 1992లో కోడి నడకకి మార్కులు వేసే పద్ధతి ఒకటి పెట్టారు. సున్నా నుంచి ఐదు దాకా. ప్రపంచమంతా ఇప్పటికీ అదే వాడుతోంది, మనకీ సరిపోతుంది.

సున్నా అంటే నడకలో వంక లేదు, కాలు ఎత్తినప్పుడు వేళ్లు ముడుచుకుంటాయి. ఒకటి అంటే ఏదో తేడా ఉంది కానీ ఎక్కడో చెప్పలేం. రెండు అంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది, అయినా దాని పనులకి అడ్డం లేదు. మూడు దగ్గర జాగ్రత్త పడాలి: కుంటుతుంది, తూలుతుంది, సందు దొరికితే కూర్చుంటుంది. నాలుగు అయితే మనం వెనక పడి తరిమితే తప్ప లేవదు, రెండడుగులేసి కూలబడుతుంది. ఐదు అంటే నడవలేదు, రెక్కల మీద ఈడ్చుకుంటుంది.

మూడు దాటిన కోడికి నొప్పి ఉంటుందా అని నన్ను చాలామంది అడిగారు. బ్రిస్టల్ వాళ్లే 2000లో ఆ ప్రశ్న కోళ్లనే అడిగారు. నొప్పి తగ్గించే మందు కలిపిన మేత ఒక రంగులో, మామూలు మేత ఇంకో రంగులో పెట్టారు. కుంటి కోళ్లు మందున్న మేత ఎక్కువ తిన్నాయి. కుంటు ఎంత ఎక్కువైతే మందు మేత అంత ఎక్కువ. ఇక ఆ ప్రశ్నకి నా దగ్గర వేరే జవాబు లేదు.

చూడటం ఇలా. 14, 21, 28వ రోజుల్లో షెడ్డులో నాలుగు చోట్ల, గోడ వారన రెండు, మధ్యలో రెండు, చిక్ గార్డ్ రేకుతో (చిన్నప్పుడు పిల్లల చుట్టూ కంచెలా పెట్టేది) పాతికేసి కోళ్లని చుట్టండి. ఒక్కొక్కదాన్నే బయటికి నడవనివ్వండి. తోలొద్దు, తోలితే భయానికి కుంటిది కూడా పరుగెడుతుంది. మూడు, ఆపైన వచ్చినవి వందకి ఎన్నో గోడ మీద సుద్దతో రాయండి. పుస్తకంలో కాదు, గోడ మీద. పుస్తకం తెరవం, గోడ రోజూ కళ్లబడుతుంది. ఎన్ని ఉంటే ఎక్కువ అంటారా? బ్రిటన్‌లో 51,000 కోళ్లని ఇలాగే నడిపించి చూసిన సర్వే ఒకటి 2008లో అచ్చయింది. సగటున 40 రోజుల వయసులో 27.6 శాతం కోళ్లు సరిగా నడవలేకపోయాయి, 3.3 శాతం దాదాపు నడవనే లేకపోయాయి. వసతులున్న షెడ్లలో పరిస్థితి అది. కాబట్టి మీ గోడ మీద పెద్ద అంకె పడితే సిగ్గుపడకండి. దాచకండి అంతే.

అనుమానంగా ఉన్న కోడికి ఇంకో పరీక్ష ఉంది. వెడల్పాటి బేసిన్‌లో మూడు సెంటీమీటర్ల గోరువెచ్చని నీళ్లు పోసి అందులో నిలబెట్టండి. కోడికి తడిలో కూర్చోవడం ఇష్టం ఉండదు. కాళ్లు బాగున్నది నిమిషాల తరబడి నిలబడే ఉంటుంది. కాళ్లు బాగాలేనిది తడైనా సరే అని కూర్చుండిపోతుంది. మొదటిసారి ఇది చూసినప్పుడు నాకు మనసు చివుక్కుమంది.

పిల్లలు దిగకముందు

ఊక వర్షాలకి ముందే కొనేయండి. జూన్ దాటాక మిల్లుల దగ్గర దొరికేది సగం తడి ఊక, ధర మాత్రం రెట్టింపు అడుగుతారు. టార్పాలిన్ కప్పి, కింద చెక్కలేసి నిల్వ పెట్టుకోండి. ఎండాకాలం రెండంగుళాల మందం సరిపోతుంది. వానాకాలం, చలికాలం మూడంగుళాలు వేయండి. రంపపు పొట్టు వాడితే మరీ మెత్తటిది వద్దు, పిల్లలు తినేస్తాయి. వేరుశనగ పొట్టు వాడేటప్పుడు వాసన చూడండి. బూజు వాసన తగిలితే లోపలికి రానివ్వొద్దు.

పిల్లలకి వేడినిచ్చే బ్రూడర్ కింద న్యూస్‌పేపర్ పరవడం మనందరికీ అలవాటు. కాగితం నున్నగా ఉండి తడిస్తే పిల్ల కాళ్లు జారి చెరో పక్కకి చీలిపోతాయి. గరుకు కాగితమో, అట్టపెట్టెల గీతల అట్టో వేయండి. రెండు మూడు రోజుల్లో తీసేయండి. కాళ్లు చీలిన పిల్లని మొదటి రెండు రోజుల్లోనే పట్టుకుంటే, రెండు కాళ్లనీ మెత్తటి టేపుతో వేలెడు ఎడంగా కలిపి కడితే చాలావరకు సర్దుకుంటుంది. ఐదు వేలల్లో ఎన్నిటికని కడతాం అనుకోకండి. నాకు బ్యాచ్‌కి పదో పన్నెండో వస్తాయి, అంతే.

పిల్లలు దిగేసరికి నేల వెచ్చగా ఉండాలి. గాలి కాదు, నేల. ఆ తేడా తెలియక నేను రెండు చలికాలాలు పోగొట్టుకున్నాను. బ్రూడర్ కనీసం ఒక రోజు ముందు వెలిగించండి. పిల్లలు దిగిన గంటకి ఓ పాతిక పిల్లల పాదాలు మీ చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఊక చల్లగా ఉన్నట్టే. మొదటి వారం పిల్లల ఎత్తులో 32 నుంచి 34 డిగ్రీలు ఉంచి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రండి. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో బ్రూడర్ పగలు దాదాపు అక్కర్లేదు. అయినా వెలిగించే ఉంచేవాళ్లని చూశాను, క్యాలెండర్ చూసి పెంచితే అంతే మరి.

చీకటి ఇవ్వండి

దీని మీదే ఎక్కువ వాదన. రాత్రంతా లైటేస్తే కోడి రాత్రంతా తింటుంది, తూకం వస్తుంది అనేది మన దగ్గర పాతుకుపోయిన మాట. తూకం వస్తుంది, నిజమే. అదే మొదటి మూడు వారాల్లో ఎముకకి దెబ్బ. చీకట్లో కోడి నిద్రపోతుంది, తినడం ఆగుతుంది. తెల్లారాక లేచి మేత దగ్గరికి గబగబా నడుస్తుంది. ఆ విశ్రాంతీ, ఆ నడకా రెండూ కాళ్లకి మంచివే. చీకటి తక్కువున్న మందల్లో నడక చెడిపోతుందని పైన చెప్పిన 2008 సర్వేలోనూ తేలింది. యూరప్ వాళ్లు 2007లో చేసిన నిబంధనలో రోజుకి కనీసం 6 గంటలు చీకటి ఉండాలన్నారు, అందులో 4 గంటలు మధ్యలో ఆపకుండా.

మనవి తెరిచిన షెడ్లు, పగలు ఎలాగూ వెలుతురే. తేల్చుకోవాల్సింది రాత్రి బల్బుల సంగతి ఒక్కటే. మొదటి వారం రోజుకో గంట చీకటి ఇవ్వండి. పిల్లలకి మేత, నీళ్లు ఎక్కడున్నాయో తెలియాలి కాబట్టి అంతకన్నా వద్దు. ఏడో రోజు దాటి, పిల్ల 150 గ్రాములు దాటాక నాలుగు గంటలు, పదో రోజుకల్లా ఆరు గంటలు. నేను రాత్రి పదింటికి ఆర్పి నాలుగింటికి వేస్తాను. ఒక్కసారిగా ఆర్పేయకండి. సగం బల్బులు ముందు, పది నిమిషాలాగి మిగతావి. లేకపోతే బెదిరి ఒక మూలకి గుట్టపడతాయి.

మొదటి వారంలో ఆ ఒక్క గంట చీకటికి ఇంకో ఉపయోగం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదని ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు. అంతటిది కాకపోయినా గాలివానకి లైను పోవడం మనకి మామూలే. చీకటే ఎరగని కోళ్లు కరెంటు పోయిన క్షణంలో ఒకదాని మీద ఒకటి ఎక్కి చచ్చిపోతాయి. చీకటి అలవాటున్నవి కూర్చున్నచోటే కూర్చుంటాయి.

మే నెలకి లెక్క మార్చండి. పగలు వేడికి కోడి తినదు, తినకూడదు కూడా. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఫీడర్లు పైకెత్తేస్తాం. మళ్లీ రాత్రి ఆరు గంటలు చీకటి అంటే తినే సమయం మిగలదు. అప్పుడు రాత్రి పదకొండు నుంచి మూడు దాకా, ఆ నాలుగు గంటలే చీకటి. ఇంటిగ్రేషన్‌లో, అంటే కంపెనీ పిల్లల్నీ మేతనీ ఇస్తే కూలికి పెంచే వాళ్లకి, కంపెనీ సూపర్‌వైజర్ ఒప్పుకోకపోవచ్చు. ఒక షెడ్డులో ఒక్క బ్యాచ్ చేసి చూపిస్తానని అడగండి. మొదటి మూడు వారాల్లో వెనకబడిన తూకాన్ని కోడి చివరి రెండు వారాల్లో చాలావరకు అందుకుంటుంది. ఈలోపు కల్స్, అంటే పనికిరావని తీసేసే కోళ్లు, తగ్గుతాయి, ఆ లెక్క ఆయనకీ అర్థమవుతుంది.

మేత, నీళ్లు

కంపెనీ ఫీడ్ వాడుతుంటే దాన్ని పాడు చేయకుండా ఉంటే చాలు. విశాఖ గాలిలో తేమ సంగతి మనకి తెలిసిందే, ఉప్పు డబ్బా మూత తీస్తే చాలు గడ్డ కడుతుంది. ఫీడ్ బస్తాలు నేల మీదా, గోడకి ఆనించీ పెట్టకండి. జానెడు ఎత్తు చెక్క మీద, గోడకి అడుగు ఎడంగా పేర్చండి. రెండు మూడు వారాల్లో వాడేయండి. పాతబడిన కొద్దీ విటమిన్లు పోతాయి. తేమకి మొక్కజొన్నలో బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. దాంతో విటమిన్ డి ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం ఎంతున్నా ఎముకలోకి చేరదు.

కాళ్లు అనగానే కాల్షియం టానిక్ కొనేవాళ్లలో నేనూ ఒకణ్ని. మూడో బ్యాచ్‌లో కుంటు కనపడగానే మందుల కొట్టులో చెప్పిన మాట విని నీళ్లలో కాల్షియం రెండింతలు పోశాను, మేతలో గవ్వ పొడి కూడా కలిపాను. కుంటు తగ్గకపోగా పెరిగింది. ఆ తర్వాత ఓ పశువుల డాక్టరు గారు విడమరిచారు: కాల్షియం మరీ ఎక్కువైతే అది భాస్వరాన్ని పట్టేసుకుంటుంది, కోడికి భాస్వరం అందదు, ఎముక మెత్తబడుతుంది. ఉన్న జబ్బునే మందు పెంచిందన్నమాట. బ్రాయిలర్ పిల్లల మేతలో కాల్షియం సుమారు ఒక శాతం, ఒంటికి పట్టే భాస్వరం అందులో సగం ఉండాలి. గుడ్ల కోళ్ల మేతలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. బస్తా మిగిలింది కదా అని అది బ్రాయిలర్లకి వేయకండి, మూత్రపిండాలు పోతాయి.

సొంతంగా మేత కలుపుకునే వాళ్లకి ఒక హెచ్చరిక. ఫిషింగ్ హార్బర్ దగ్గర చవగ్గా దొరుకుతాయని ఎండుచేపలు తెచ్చి పొడి కొట్టి కలుపుతారు. ఉప్పు పట్టించిన చేప అయితే కోళ్లు విపరీతంగా నీళ్లు తాగి పలచగా పారుకుంటాయి, వారంలో షెడ్డంతా బురద. నాలుక మీద వేసుకుని చూసి ఉప్పు తగిలితే వద్దనండి. భీమిలి వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న కొన్ని బోర్ల నీళ్లతోనూ ఇదే తంటా. అలాంటి చోట నీటి పరీక్ష చేయించకుండా పిల్లలు దించకండి.

వేళ్లు లోపలికి ముడుచుకుని, మడమల మీద కూర్చుని నడిచే పిల్లలు రెండో వారంలో కనపడితే అది రైబోఫ్లావిన్ లోపం, అంటే బి2. వెంటనే నీళ్లలో ఇస్తే చాలా పిల్లలు కోలుకుంటాయి, ఆలస్యమైతే నరం దెబ్బతిని ఇక రావు. మడమ దగ్గర వాచి, వెనకనుండే స్నాయువు పక్కకి జారి, కాలు అడ్డంగా తిరిగిపోతే మాంగనీసు, కోలీన్ లోపాలు అనుమానించాలి. జారిన స్నాయువు మళ్లీ చోటుకి రాదు. ఆ కోడికి చేయగలిగింది లేదు, మిగతా మంద కోసం మేత మార్చాలి.

మడమ అన్నాను కదా. కోడి కాలికి వెనక్కి వంగినట్టుండే కీలు మన మోకాలు లాంటిది కాదు, అదే దాని మడమ. అసలు మోకాలు ఈకల్లో ఉంటుంది. కోడి ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తుంది. మడమ ఊకకి తగిలి గోధుమరంగు మచ్చ పడిందంటే అది చాలాసేపు కూర్చునే ఉంటోందని అర్థం.

డ్రింకర్ ఎత్తు రోజు విడిచి రోజు సవరించాలి. గంటలా వేలాడే బెల్ డ్రింకర్ అంచు కోడి వీపు ఎత్తులో ఉండాలి. నిపుల్ (ముక్కుతో పొడిస్తే నీటి చుక్క పడే మొన) అయితే మెడ చాచి, పాదాలు నేలకి ఆన్చి తాగేలా ఉండాలి. పది, పన్నెండు కోళ్లకి ఒక నిపుల్. కిందికి ఉంటే నీళ్లు ఒలుకుతాయి. నీళ్లు ఒలికిన చోటే కాలి జబ్బు మొదలు.

కింద ఏముందో చూడండి

మా షెడ్డు చూసే బాబాయ్‌ది భోగాపురం పక్కన ఊరు. నేను మొదట్లో కోళ్లని ఎత్తి ఎత్తి చూస్తుంటే ఓ రోజు అన్నాడు: "పైన కోడినేటి సూస్తావు బాబూ, కిందేటుందో సూడవా?" అప్పట్నుంచీ రోజూ పొద్దున్న నా మొదటి పని ఊక పిడికిట్లోకి తీసుకుని పిసకడం.

పిసికి వదిలితే ముద్దగా ఉండిపోతే తేమ ఎక్కువ. అసలు అంటుకోకుండా దుమ్ములా రాలితే మరీ పొడి, ఊపిరితిత్తులకి చెడు. కొంచెం అంటుకుని వెంటనే విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. తేమ 20 నుంచి 25 శాతం మంచిది. 30 దాటితే అరికాళ్ల మీద మచ్చలు మొదలవుతాయి: ముందు పొలుసులా, తర్వాత నల్లటి పెచ్చు, దాని కింద పుండు. ఆ పుండులోంచి కూడా క్రిములు రక్తంలోకి పోయి తొడ ఎముక మొదట్లో చేరి దాన్ని కుళ్లబెట్టొచ్చు. బయటికి ఏమీ కనపడదు, కోడి కూర్చుండిపోతుంది.

డ్రింకర్ల కింద గట్టిపడిన గడ్డని రోజూ పొద్దున్నే పారతో తీసి బయట పడేయండి. ఆ చోట పొడి ఊక వేయండి. మిగతా షెడ్డంతా రెండు రోజులకోసారి దంతెతో తిరగేయండి. తిరగేసేటప్పుడు అమ్మోనియా లేస్తుంది కాబట్టి పరదాలు తెరిచి, పొద్దున చల్లటి పూట చేయండి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ పని పెట్టుకుంటే కోళ్లు వగర్చి చస్తాయి.

తడి ఊక మీద సున్నం చల్లడం మన అలవాటు. ఖాళీ షెడ్డులో నేల మీద చల్లుకోండి, మంచిదే. కోళ్లున్నప్పుడు తడి పెంట మీద చల్లితే ఊకలో క్షారం పెరిగి అమ్మోనియా ఇంకా ఎక్కువ వదులుతుంది. ముందు గడ్డ తీయడం, పొడి ఊక వేయడం. అంతకు మించిన మందు లేదు.

ముసురు పట్టిన రోజుల్లో అసలు కష్టం. జల్లు కొడుతుందని పరదాలు పూర్తిగా దించేస్తాం. రెండో రోజుకి లోపల కళ్లు మండుతాయి. పరదా ఎప్పుడూ కింద బిగించి, పైనుంచి తెరిచేలా కట్టండి. ఎంత వానైనా పైన అడుగు, అడుగున్నర సందు ఉండాలి. చూరు మూడు నాలుగు అడుగులు బయటికి ఉంటే జల్లు లోపలికి రాదు. అమ్మోనియా 20 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకి 20 పాళ్లు) దాటకూడదంటారు. మన దగ్గర మీటరు లేదు, ముక్కే మీటరు. కాకపోతే రోజూ పీల్చే ముక్కుకి అలవాటైపోతుంది. బయటినుంచి వచ్చిన మనిషిని ఊక మీద కూర్చోబెట్టి అడగండి. మా అబ్బాయి స్కూలు నుంచి వచ్చి "కంపు నాన్నా" అంటే నేను ఆ రోజు దంతె పట్టుకుంటాను.

చోటు సంగతి. కోడికి ఒక చదరపు అడుగు, ఎండాకాలం ఇంకో పది, ఇరవై శాతం ఎక్కువ. యూరప్‌లో చదరపు మీటరుకి మామూలుగా 33 కిలోల దాకా, షరతుల మీద 42 దాకా పెంచుతారు, మనది 24 దగ్గరే కదా అని లెక్కలేయకండి. మనకి ఆ ఫ్యాన్లు లేవు, వాళ్లకి మన ఉక్కపోత లేదు.

పదో రోజు దాటాక కోళ్లు కాస్త నడిచేలా చూడండి. ఫీడర్లూ డ్రింకర్లూ పక్కపక్కనే ఉంచకుండా రెండు మూడు అడుగులు ఎడం చేయండి. జానెడు ఎత్తు చెక్క బల్లలు, ఎక్కడానికి వాలు పలకతో, అక్కడక్కడా పెడితే ఎక్కి దిగుతుంటాయి. గుండ్రటి కర్ర కట్టి ప్రయోజనం లేదు, బరువు కోడి దాని మీద నిలబడలేదు.

చనిపోయిన కోడి చెప్పేది

రోజువారీ చావుల్లో ఒకటి రెండు విప్పి చూడండి, చేతికి గ్లౌజులు వేసుకుని. ఒక్కరోజులో పదుల్లో చచ్చిపోతే మాత్రం విప్పొద్దు, పశుసంవర్ధక శాఖకి చెప్పండి. 1962కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

మనం లెగ్ పీస్ అనే ముక్కలో ఎముక ఉంది కదా, అది రెండు చేతులతో విరవండి. టక్కున విరిగితే మంచిది. రబ్బరులా వంగితే రికెట్స్, అంటే ఎముక మెత్తబడే జబ్బు; విటమిన్ డి3, భాస్వరం, కాల్షియం సంగతి చూడాలి. అలాంటి కోడి ముక్కు కూడా వేలితో నొక్కితే వంగుతుంది. అదే ఎముక పైకొసని కత్తితో నిలువుగా చీల్చండి. ఎముక ఉండాల్సిన చోట తెల్లటి మెత్తటి ముద్ద కనపడితే దాన్ని టిబియల్ డిస్‌కాండ్రోప్లేసియా అంటారు. పెరుగుదల మరీ వేగమైనప్పుడు ఎక్కువగా వచ్చేది అది, చీకటి గంటలు పెంచాలి. తర్వాత తొడ ఎముకని తుంటి నుంచి విడదీయండి. గుండ్రటి తల నున్నగా, తెల్లగా రావాలి. పెళుసుగా విరిగి నల్లగా, పసుపుగా పొడి రాలితే క్రిములు చేరినట్టు. అప్పుడు నీటి పైపుల్లో జిగురు కడగాలి, ఊక చూడాలి.

యాంటీబయాటిక్ మీ అంతట మీరు కొనొద్దు. ఏ క్రిమో తెలియకుండా పోస్తే డబ్బు దండగ, పైగా అమ్మే ముందు ఆపాల్సిన రోజులు లెక్క తప్పితే మందు మాంసంలో ఉండిపోతుంది. కొలిస్టిన్‌ని అయితే మన ప్రభుత్వం 2019 జులైలోనే పశువులకి, కోళ్లకి నిషేధించింది. ఇంకా ఎవరైనా చేతిలో పెడితే తీసుకోకండి.

కుంటినవాటిని ఏం చేయాలి

మూడు మార్కులు పడ్డవాటిని ఒక మూల వేరు చేయండి. నాలుగంగుళాల పొడి ఊక, నీళ్లు, మేత కూర్చునే అందేంత దగ్గరగా, ఎత్తు తక్కువగా. పాతిక ముప్పై మించి ఒకే చోట పెట్టకండి. మూడు నాలుగు రోజుల్లో లేచేవి లేస్తాయి. నాలుగు, ఐదు మార్కులవి లేవవు. నీళ్ల దాకా పోలేక దాహంతో, తోటికోళ్లు తొక్కి, రోజుల తరబడి చస్తాయి. వాటిని అలా వదిలేయడం జాలి కాదు. మెడ ఒక్క క్షణంలో విరిచే పద్ధతి డాక్టరు దగ్గరో, అనుభవమున్న వాళ్ల దగ్గరో నేర్చుకోండి, ఆ రోజే చేసేయండి. బతికుండగా గోతిలో వేయడం చూశాను నేను. అది ఏ లెక్కలోనూ రాదు.

లిఫ్టింగ్ రోజు

నలభై రోజులు కాపాడిన కాలు లిఫ్టింగ్ రోజు, అంటే కోళ్లని పట్టి అమ్మకానికి బండెక్కించే రోజు, పది నిమిషాల్లో విరుగుతుంది. ఒంటి కాలు పట్టుకుని విసిరితే తుంటి దగ్గర ఎముక ఊడి లోపలే రక్తం కారుతుంది. కూలీలు ముఠాగా వస్తారు, క్రేటుకింత అని మాట్లాడుకుంటారు, తొందర వాళ్లది. ముందే చెప్పండి: రెండు చేతులతో రెక్కలతో సహా ఒళ్లు పట్టుకుని క్రేటులో పెట్టడం మంచిది. అలా కుదరకపోతే రెండు కాళ్లూ కలిపి, చేతికి మూడు మించకుండా. నేను మాట్లాడుకున్న కూలీ మీద కొంచెం ఎక్కువిస్తాను, పక్కన నిలబడతాను. మేత ఎనిమిది నుంచి పది గంటల ముందు తీసేయండి, నీళ్లు చివరిదాకా ఉంచండి. లైట్లు బాగా తగ్గించి, తెల్లవారుజామున మూడు నాలుగింటికి మొదలుపెడితే కోళ్లు గోల చేయవు, ఎండెక్కేలోపు బండి నేషనల్ హైవే ఎక్కేస్తుంది.

బైకు హ్యాండిల్‌కి అటూ ఇటూ తలకిందులుగా వేలాడదీసి తీసుకెళ్లేవాళ్లకి ఒక్క కోడి కూడా ఇవ్వకండి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నొప్పి కలిగేలా తరలించడం నేరం. క్రేటు తెచ్చుకోమనండి, తెచ్చుకుంటారు.

షెడ్డు ఖాళీ అయ్యాక ఇంకో పని ఉంది, నాకు తెలిసి ఎవరూ చేయరు. మీ కోళ్లు ఏ దుకాణాలకి వెళ్లాయో కనుక్కుని, ఆదివారం పొద్దున మధురవాడో, పెందుర్తో, ఏదో ఒక కొట్టుకి వెళ్లండి. కోసేవాళ్లు పాదాలు నరికి ఓ బకెట్‌లో వేస్తారు. ఆ బకెట్ పక్కన కూర్చుని యాభై పాదాలు తిరగేసి చూడండి. నల్లటి పెచ్చు ఎన్నింటికి ఉందో లెక్కపెట్టి, ఇంటికొచ్చి గోడ మీద ఆ బ్యాచ్ అంకె పక్కన రాయండి. నాది మొదటిసారి యాభైకి ముప్పై ఒకటి. కిందటి బ్యాచ్‌కి ఆరు.